గ్రాఫిక్స్ కార్డు ఎన్ని వాట్లు తింటోంది: ఎక్కడ కొలిస్తే ఆ లెక్క

ఒక కార్డు పెట్టె మీద 250 వాట్లు అని రాసి ఉందనుకుందాం. గేమ్ నడుస్తుండగా సాఫ్ట్‌వేర్ 205 చూపిస్తుంది. గోడ ప్లగ్గుకు పెట్టిన మీటరు 390 అంటుంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును డీసీగా మార్చి సిస్టమ్‌కు ఇచ్చే పెట్టె) కొనేవాళ్లు, ఇన్వర్టరు మీద సిస్టమ్ నడపాలనుకునేవాళ్లు, గేమింగ్ సెంటర్‌లో పది సిస్టమ్‌లకు వైరింగ్ లాగించేవాళ్లు ఈ మూడింటిలో ఏదో ఒకటి పట్టుకుని లెక్క కట్టేస్తారు. తేడా అక్కడే వస్తుంది. గోడ దగ్గర కొలిస్తే సిస్టమ్ మొత్తం వస్తుంది, దాంతోపాటు ఎస్‌ఎంపీఎస్‌లో వేడిగా పోయేదీ కలుస్తుంది. సాఫ్ట్‌వేర్ చెప్పేది కార్డు లోపల ఎక్కడో కూర్చున్న సెన్సర్ మాట. కార్డు అసలు ఖర్చంటే మదర్‌బోర్డు మీద దాన్ని గుచ్చే స్లాటు నుంచి, పవర్ కేబుళ్ల నుంచి దాని లోపలికి పోయే కరెంటు మొత్తం. ఆ దారులన్నింటి మీదా కాపలా పెడితేనే నికరమైన అంకె చేతికొస్తుంది.

గోడ దగ్గరి కొలతతో మొదలుపెడదాం, చాలామంది దగ్గర ఉండేది ఆ మీటరే కాబట్టి.

ప్లగ్గు మీటర్లో వోల్టులు, ఆంపియర్లు, వాట్లు, పవర్ ఫ్యాక్టర్ అన్నీ కనిపిస్తాయి. చూడాల్సింది వాట్లు మాత్రమే. 230ని ఆంపియర్లతో గుణించి వాట్లు అనుకుంటే తప్పు. వోల్టులు, ఆంపియర్లు గుణిస్తే వచ్చేదాంట్లో నిజంగా ఖర్చయ్యే వంతే పవర్ ఫ్యాక్టర్. దాన్ని సరిదిద్దే సర్క్యూట్ (పీఎఫ్‌సీ) లేని చవక ఎస్‌ఎంపీఎస్‌కు అది 0.6 దగ్గర ఉంటుంది. అంటే ఒక ఆంపియరు లాగుతున్నట్టు కనిపించినా అసలు ఖర్చు 140 వాట్ల దరిదాపుల్లోనే ఉంటుంది. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నవాటిలో లోడు మీద ఇది 0.95 దాటుతుంది గానీ, సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడు అక్కడా పడిపోతుంది. ఆంపియర్లను నమ్మకూడదనడానికి మన దగ్గర ఇంకో కారణం ఉంది. మే నెల రాత్రి వీధిలో ఏసీలన్నీ ఒక్కసారి మొదలయ్యాక విజయవాడ సత్యనారాయణపురంలోనో గుంటూరు బ్రాడీపేటలోనో వోల్టేజీ 205కి జారిందనుకోండి, అదే పనికి ఎస్‌ఎంపీఎస్ ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, వాట్లు మాత్రం దాదాపు మారవు. అమెరికా రివ్యూల్లో గోడ దగ్గరి కొలతలు 120 వోల్టుల మీద తీసినవి. ఆ వోల్టేజీ దగ్గర ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యం కాస్త తక్కువ కాబట్టి ఆ అంకెలు మనకు యథాతథంగా వర్తించవు.

ప్లగ్గు మీటరు నిజమే చెబుతోందా అన్నది తేల్చుకోవడానికి రెండు తేలిక దారులున్నాయి. మొదటిది ఫిలమెంట్ బల్బు. కోడిపిల్లలకు వెచ్చదనం కోసం ఫారాల్లో పెట్టే 100, 200 వాట్ల బల్బులు ఇంకా దొరుకుతున్నాయి. ఫిలమెంట్‌కు పవర్ ఫ్యాక్టర్ ఒకటే కాబట్టి వోల్టులు, ఆంపియర్లు గుణిస్తే సరిగ్గా వాట్లు రావాలి. మీటర్లో ఆ గుణకారం కుదరకపోతే దాన్ని పక్కన పెట్టేయండి.

రెండోది మరీ బాగుంటుంది: ఇంటి కరెంటు మీటరు. బిల్లు దాని మీదే వస్తుంది కాబట్టి అది ప్రమాణాల ప్రకారం తయారై ఉంటుంది. క్లాస్ 1 అని దాని ముఖాన ఉంటే రమారమి ఒక శాతం ఖచ్చితత్వమని అర్థం. ఆ పక్కనే ఒక యూనిట్‌కు ఎన్ని ఇంపల్స్‌లో కూడా రాసి ఉంటుంది, 1600 అనో 3200 అనో. 3200 అయితే ఎర్ర లైటు ఒకసారి మినుకుమంటే 1125 జౌళ్లు ఖర్చయినట్టు (ఒక వాట్ ఒక సెకను నడిస్తే ఒక జౌలు). ఇంట్లో ఫ్రిజ్, ఫ్యాన్లు, ఇన్వర్టరు చార్జింగ్ సహా ఎంసీబీలన్నీ దించి, కంప్యూటర్ ఉన్న సర్క్యూట్ ఒక్కటే ఉంచండి. ఆ సర్క్యూట్ మీద వైఫై రూటరు ఉంటే దాన్నీ తీసేయండి. అపార్ట్‌మెంట్లలో మీటర్లన్నీ కింద సెల్లార్‌లో ఉంటాయి కాబట్టి ఫోన్‌ను మీటరు ముందు నిలబెట్టి వీడియో తీయడం సుఖం. పది నిమిషాలు ఒకే లోడు మీద నడిపి మినుకులు లెక్కపెట్టండి. 240 వస్తే 0.075 యూనిట్లు, అంటే సగటున 450 వాట్లు. ప్లగ్గు మీటరు అదే పది నిమిషాలకు ఎంత సగటు చెప్పిందో పక్కన రాసుకుంటే, దాన్ని ఎంత శాతం దిద్దుకోవాలో తెలిసిపోతుంది.

ఇంత శ్రద్ధగా కొలిచినా వచ్చేది సిస్టమ్ లెక్కే, కార్డు లెక్క కాదు. ఖాళీగా ఉన్నప్పటి అంకెను లోడు అంకెలోంచి తీసేసి మిగిలింది కార్డుదే అనడం అలవాటైన పొరపాటు. గోడ దగ్గర 430 నుంచి 70 తీసేస్తే 360. దాన్ని 90 శాతంతో గుణిస్తే 324. కానీ గేమ్ నడుస్తుంటే ప్రాసెసర్ కూడా 50, 60 వాట్లు పెరిగి ఉంటుంది, అది కార్డు ఖాతాలో పడింది. కార్డు ఖాళీగా ఉన్నప్పుడు తిన్నదేమో 70లో భాగమై పోయి, తీసివేతలో కనపడకుండా పోయింది. పైగా 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్ 70 వాట్ల దగ్గర, అంటే పదిశాతం లోపు లోడులో, 90 శాతం సామర్థ్యం ఇవ్వదు. ఒక తప్పు పైకి లాగితే మరోటి కిందికి లాగుతుంది, ఏది ఎంతో తెలియదు. అదే సిస్టమ్‌లో సెట్టింగ్ మార్చి ముందూ వెనకా పోల్చుకోవడానికి ఈ పద్ధతి పనికొస్తుంది. ఫలానా కార్డు ఇన్ని వాట్లు అని చెప్పడానికి చాలదు.

సాఫ్ట్‌వేర్ అంకె సంగతి

ఎన్విడియా కార్డుల్లో పవర్ ఇన్‌పుట్‌ల మీదే చిన్న షంట్ రెసిస్టర్లు (కరెంటు దారిలో పెట్టే అతి తక్కువ నిరోధాలు, వాటి మీద పడే వోల్టేజీని బట్టి కరెంటు తెలుస్తుంది) ఉంటాయి, కాబట్టి అవి చెప్పేది బోర్డు మొత్తం ఖర్చు. ఏఎండీలో ఆర్ఎక్స్ 6000 సిరీస్ వరకు సాఫ్ట్‌వేర్‌లో కనిపించేది చిప్ వైపు లెక్కే. మెమరీకి, ఫ్యాన్లకు, వోల్టేజీ దించే భాగాల్లో వేడికి పోయేది అందులో పూర్తిగా కలవదు. ఆర్ఎక్స్ 6800 ఎక్స్‌టీ సంగతి చూడండి: బోర్డు మొత్తం 300 వాట్లని ప్రకటించారు, సాఫ్ట్‌వేర్‌లో కనిపించే పరిమితి 255. ఆర్ఎక్స్ 7000 నుంచి బోర్డు మొత్తమే చూపిస్తున్నారు. జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో ‘బోర్డ్ పవర్ డ్రా’ అని ఉందా, ‘చిప్ పవర్ డ్రా’ అని ఉందా చూడకుండా రెండు కంపెనీల కార్డులు పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదు.

సెన్సర్ ఎంత తరచుగా చూస్తుందన్నది ఇంకో చిక్కు. ఎన్విడియా డ్రైవర్‌తో వచ్చే ఎన్విడియా-ఎస్ఎంఐ ప్రోగ్రామ్‌లో పవర్ డ్రా అన్నది ‘ఆంపియర్’ అనే పేరున్న చిప్‌ల తరం నుంచి చాలా కార్డుల్లో ఒక సెకను సగటు, అంతకుముందు ఆ క్షణపు విలువ. ఏ100, హెచ్100 లాంటి డేటాసెంటర్ కార్డుల్లో సెన్సర్ నాలుగింట ఒక వంతు సమయమే గమనిస్తుందని పరిశోధకులు పరీక్షించి చూపారు. పని పొట్టి పొట్టి విడతలుగా నడిచేదైతే మిగిలిన మూడొంతుల్లో ఏం జరిగిందో ఆ అంకెలో ఉండదు. ఆంపియర్ కన్నా ముందొచ్చిన ‘వోల్టా’ చిప్‌ల తరం నుంచి డ్రైవర్‌లో మొత్తం శక్తిని మిల్లీజౌళ్లలో కూడబెట్టే లెక్క ఒకటి ఉంది. పని మొదట్లో ఒకసారి, చివర ఒకసారి చదివి, తేడాను సెకన్లతో భాగిస్తే సగటు వాట్లు వస్తాయి. సెకనుకోసారి అంకె రాసుకుని సగటు తీయడం కన్నా ఇది చాలా మేలు. సెన్సర్ పరిమితులు మాత్రం దీనికీ ఉంటాయి.

సెకండ్‌హ్యాండ్ కార్డు అయితే మరో జాగ్రత్త. పవర్ పరిమితిని దాటించడానికి కొందరు బోర్డు మీది షంట్ రెసిస్టర్ పైన ఇంకోటి టంకం పెట్టేస్తారు. అలాంటి కార్డు తాను తినేదాన్ని తక్కువ చేసి చెబుతుంది. పైకి అంతా మామూలుగానే ఉంటుంది, ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఊరికే ట్రిప్ అవుతుంటుంది.

కేబుల్ మీద అసలు కొలత

క్లాంప్ మీటరుతో పని అయిపోతుందనుకుంటే రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఎలక్ట్రీషియన్ల దగ్గర ఎక్కువగా కనిపించేవి ఏసీ మాత్రమే కొలిచే క్లాంప్‌లు. 12 వోల్టుల డీసీ తీగ మీద అవి సున్నా చూపిస్తాయి. డీసీ కొలిచే హాల్ సెన్సర్ (తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టేది) ఉన్న క్లాంప్ కావాలి, కొలిచే ప్రతిసారీ అదే చోట, అదే కోణంలో పెట్టి జీరో చేసుకోవాలి. ఇక కేబుల్ మొత్తం కలిపి దవడలో పెడితే పోయే కరెంటు, తిరిగొచ్చే కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుని ఏమీ కనిపించదు. 12 వోల్టుల తీగలను మాత్రమే విడదీసి పెట్టాలి.

నికరంగా కావాలంటే షంట్ పెట్టాల్సిందే. డీసీ అమ్మీటర్ల కోసం అమ్మే 50 ఆంపియర్లు–75 మిల్లీవోల్టుల షంట్ దీనికి అచ్చంగా సరిపోతుంది. దాని నిరోధం 1.5 మిల్లీఓమ్‌లు. 25 ఆంపియర్లు, అంటే 300 వాట్లు పోతున్నప్పుడు దాని మీద పడేది 37.5 మిల్లీవోల్టులు, వేడి ఒక వాట్ లోపే. కార్డుకు ఆ తగ్గుదల పట్టదు. ఆ మిల్లీవోల్టులు చదవడానికి ఐఎన్ఏ226 చిప్ ఉన్న చిన్న మాడ్యూల్ చాలు. షంట్ మీద 81.92 మిల్లీవోల్టుల దాకా, 2.5 మైక్రోవోల్టుల మెట్లలో చదువుతుంది. మన షంట్‌తో ఒక మెట్టు 1.67 మిల్లీఆంపియర్లు, 12 వోల్టుల దగ్గర 0.02 వాట్లు. చిప్ ఆఫ్‌సెట్ (సున్నా దగ్గర చూపే తేడా) గరిష్ఠంగా 10 మైక్రోవోల్టులు కాబట్టి, అటుగా వచ్చే తప్పు పదోవంతు వాట్‌కు లోపే. షంట్ క్లాస్ 0.5 అయితే మొత్తం తప్పు ఒక శాతం లోపల ఉంచవచ్చు.

ఇక్కడ నూటికి తొంభై మంది తడబడే చోటు ఒకటుంది. ఈ మాడ్యూళ్ల మీద ఆర్100 అని రాసిన 0.1 ఓమ్ రెసిస్టర్ ముందే టంకం వేసి ఉంటుంది. దానితో 0.8 ఆంపియరు దాటి కొలవలేం కాబట్టి బయటి షంట్ తగిలిస్తారు, కానీ ఆర్100ని తీయడం మరచిపోతారు. అప్పుడు షంట్ నుంచి వచ్చే సన్నటి సెన్స్ తీగల్లో కూడా కరెంటు పారుతుంది. ఒక్కో తీగ పాతిక సెంటీమీటర్లుంటే, 24 గేజ్ తీగలో నిరోధం 20 మిల్లీఓమ్‌ల పైమాటే. రెండు తీగలు కలిసి 40, ఆర్100ది 100. అంటే 37.5 రావాల్సిన చోట 27 మిల్లీవోల్టులు కూడా రావు. 300 వాట్ల కార్డు 215 వాట్లదిగా కనిపిస్తుంది. చూడ్డానికి నమ్మదగిన అంకెలాగే ఉంటుంది కాబట్టి తప్పని అనుమానమే రాదు. ఆర్100ని తప్పకుండా పీకేయండి.

షంట్ తగిలించేటప్పుడు ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన కేబుల్ కోయొద్దు. గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే 8 పిన్నుల పీసీఐఈ ఎక్స్‌టెన్షన్ ఒకటి కొని దాన్ని కోయండి. ప్రాసెసర్‌కు పెట్టే 8 పిన్నుల ఎక్స్‌టెన్షన్ చూడ్డానికి అలాగే ఉంటుంది, దాని పోలారిటీ వేరు, పొరపాటున అది వాడితే కార్డు పోతుంది. పీసీఐఈ కేబుల్‌లో 12 వోల్టుల తీగలు మూడు. ఈమధ్య కేబుళ్లన్నీ నల్లగానే వస్తున్నాయి కాబట్టి కోసే ముందే మల్టీమీటరుతో తేల్చుకోండి. ఎస్‌ఎంపీఎస్ వైపు మూడు కొసలను ఒక లగ్గులో (తీగ కొసకు నొక్కే లోహపు తొడుగు), కార్డు వైపు మూడు కొసలను ఇంకో లగ్గులో బిగించి షంట్ పెద్ద బోల్టులకు వేయాలి. చేత్తో మెలితిప్పి టేపు చుట్టడం ఇక్కడ పనికిరాదు. బెజవాడ ఆటోనగర్‌లో బ్యాటరీ కేబుళ్లకు లగ్గులు నొక్కే పనివాళ్లకు ఇది రెండు నిమిషాల పని. సెన్స్ తీగలు పెద్ద బోల్టుల నుంచి తీయకూడదు, పక్కనున్న చిన్న స్క్రూల నుంచే తీయాలి. లేకపోతే లగ్గు అతుకులో పడే మిల్లీవోల్టులు కూడా కరెంటుగా లెక్కలోకి వస్తాయి. ఆ రెండు తీగలను పురిపెట్టి తెచ్చి, ఒక్కోదానికి 10 ఓమ్‌లు, రెండింటి మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే కొలతలో గోల (నాయిస్) తగ్గుతుంది. 12 వోల్టులను షంట్‌కు కార్డు వైపున చదవాలి. షంట్ అంతటికీ అక్రిలిక్ మూత వేయండి. షంట్ క్యాబినెట్ రేకుకు తగిలితే పదుల ఆంపియర్ల షార్ట్ అవుతుంది.

షంట్‌ను గ్రౌండ్ వైపు పెడితే తేలికగదా అని కొందరు అడుగుతారు. గ్రౌండ్‌కు దారులు చాలా ఉన్నాయి: కేబుల్, స్లాటు, క్యాబినెట్ స్క్రూ, మానిటర్ కేబుల్ కూడా. తిరుగు కరెంటు వాటన్నింట్లో పంచుకుని పోతుంది. ఆ కేబుల్ 12 వోల్టుల వైపు ఉన్నది ఒకే దారి, అందుకే అక్కడే పెట్టాలి.

క్యాలిబ్రేషన్‌కు కారు హెడ్‌లైట్ హెచ్4 బల్బు వాడండి. ఒక ఫిలమెంట్ 12 వోల్టుల మీద 5 ఆంపియర్ల దగ్గర లాగుతుంది. షంట్, మల్టీమీటరు 10 ఆంపియర్ల రేంజి, బల్బు మూడూ ఒకే వరసలో కలపాలి. చల్లటి ఫిలమెంట్ మొదటి క్షణంలో ఎన్నో రెట్లు లాగి మీటరు ఫ్యూజు కొట్టేస్తుంది కాబట్టి, ముందు మీటరు రెండు కొసల మధ్య అడ్డంగా ఒక మందపాటి తీగ పెట్టి బల్బు వెలిగించి, తర్వాత ఆ తీగ తీసేయండి. చాలా మల్టీమీటర్లలో 10 ఆంపియర్ల రేంజి పది, పదిహేను సెకన్లకే పరిమితం, అంతలో అంకె రాసేసుకోవాలి.

12వీహెచ్‌పీడబ్ల్యూఆర్ సాకెట్టున్న (కొత్త పెద్ద కార్డులకు 8 పిన్నుల వాటి బదులు వచ్చే ఒకే పవర్ సాకెట్టు) కార్డుకు ఈ ఇంటి పని చేయొద్దని గట్టిగా చెబుతున్నాం. 600 వాట్లంటే 50 ఆంపియర్లు, 12 వోల్టుల పిన్నులు ఆరింటిలో పంచితే ఒక్కోదానికి 8.3. పిన్ను ఓర్చుకునేది 9 పైచిలుకే. ఒక అతుకు కాస్త వదులైతే మిగతా పిన్నుల మీద భారం పడి కాలిపోతుంది. వీటికి ఎల్మోర్ ల్యాబ్స్ పీఎండీ2 లాంటి రెడీమేడ్ కొలత బోర్డులే క్షేమం. ఎన్విడియా 2020లో తెచ్చిన పీక్యాట్ కూడా ఇలాంటి పరికరమే, కాకపోతే అది రివ్యూలు చేసేవాళ్ల కోసం తయారైంది.

స్లాటు వాటా

స్లాటు నుంచి కార్డు 75 వాట్లు తీసుకోవచ్చు: 12 వోల్టుల మీద 5.5 ఆంపియర్లు, అంటే 66 వాట్లు, 3.3 వోల్టుల మీద 3 ఆంపియర్లు, దాదాపు 10. జీటీఎక్స్ 1650 లాంటి కేబుల్ లేని కార్డులకు ఉన్న దారి ఇదొక్కటే. పెద్ద కార్డుల్లో కొన్ని స్లాటును 10, 20 వాట్లకు మించి వాడుకోవు, కొన్ని 50 దాటిస్తాయి. ఊహించి కలపడానికి వీల్లేదు. 2016లో ఆర్ఎక్స్ 480 స్లాటు మీద హద్దు దాటుతోందని బయటపడింది స్లాటును విడిగా కొలిచినందువల్లే. ఏఎండీ ఆ జులైలోనే డ్రైవర్‌తో సరిదిద్దింది.

ఎక్స్16 రైజర్ కేబుల్‌లో (స్లాటుకూ కార్డుకూ మధ్య పెట్టే పొడిగింపు) ఏ2, ఏ3, బీ1, బీ2, బీ3 పిన్నులు 12 వోల్టులవి, ఏ9, ఏ10, బీ8 పిన్నులు 3.3 వోల్టులవి. వాటిని మాత్రమే తెంచి షంట్ మీదుగా తిప్పాలి, చేయి తిరిగినవాళ్లకే సాధ్యం. రైజర్ పెట్టాక తెర మిణుకుమంటే బయోస్‌లో స్లాటు వేగాన్ని పీసీఐఈ జెన్ 3కి దించండి. రెండరింగ్ లాంటి, స్లాటులో డేటా పోయే వేగం పెద్దగా పట్టని పనులకైతే సులువు దారి ఉంది: మైనింగ్ కోసం వచ్చిన ఎక్స్1 రైజర్. స్లాటు కరెంటు దానికి 6 పిన్నుల సాకెట్టు నుంచే వస్తుంది, 3.3 వోల్టులను కూడా అందులోంచే తయారు చేసుకుంటుంది. ఆ 6 పిన్నుల తీగ మీద షంట్ పెడితే స్లాటు వాటా చేతికొచ్చినట్టే, రైజర్ సొంత ఖర్చు కాస్త కలుస్తుందంతే. దీనికి సాటా కేబుల్ నుంచి కరెంటు ఇవ్వొద్దు. సాటా 12 వోల్టుల దారి 4.5 ఆంపియర్లకే, అంటే 54 వాట్లకే.

ఏ లోడు మీద, ఎంత వేడిలో

కొలత పరికరం ఎంత మంచిదైనా పరిస్థితి రాయకపోతే ఆ అంకెను ఇంకొకరు సరిచూడలేరు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండల్లో ఏసీ లేని గదిలో తీసిన అంకె, జనవరి ఉదయం తీసిన అంకె ఒకటి కావు. చిప్ వేడెక్కే కొద్దీ లీకేజీ (లోపల వృథాగా కారిపోయే కరెంటు) పెరిగి అదే క్లాకుకు (చిప్ నడిచే వేగానికి) ఎక్కువ వాట్లు పోతాయి. కార్డు అప్పటికే పవర్ పరిమితిని తాకుతుంటే వాట్లు మారవు, క్లాకు దిగి ఫ్రేములు తగ్గుతాయి. అందుకే వాట్లతోపాటు గది ఉష్ణోగ్రత, ఫ్రేముల సంఖ్య కూడా రాయాలి. 110 ఫ్రేములకు 220 వాట్లంటే ఫ్రేముకు 2 జౌళ్లు. పోల్చడానికి నాకు వాట్ల కన్నా ఈ అంకే ఎక్కువ ఉపయోగంగా కనిపిస్తుంది.

లోడు మొదలుపెట్టాక పావుగంట నుంచి ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి, ఆ తర్వాత కనీసం పది నిమిషాలు కొలవండి. కార్డును పూర్తిగా శ్రమపెట్టే ఫర్‌మార్క్ పరీక్ష పెడితే తెలిసేది కార్డు పవర్ పరిమితి ఎంతన్నదే, గేమ్‌లో ఖర్చు దాంతో తేలదు. గేమ్‌లో ప్రాసెసర్ వెనకబడితే కార్డు ఖాళీగా ఎదురుచూస్తుంది, ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసే వీ-సింక్ ఉంటే అసలు ఖర్చే సగమవొచ్చు. ఖాళీగా ఉన్నప్పటి కొలతలో మానిటర్లు ఎన్ని, ఎన్ని హెర్ట్జ్ అన్నది తప్పకుండా రాయాలి. రెండు మానిటర్లు వేర్వేరు రిఫ్రెష్ రేట్లతో ఉంటే కొన్ని కార్డుల్లో మెమరీ క్లాకు కిందికి దిగనే దిగదు.

ఐఎన్ఏ226ని వోల్టులకొకటి, కరెంటుకొకటి చొప్పున 1.1 మిల్లీసెకన్ల కన్వర్షన్, 16 సగటుల మీద పెడితే 35 మిల్లీసెకన్లకో అంకె, సెకనుకు 28 వస్తాయి. వాటి సగటు నమ్మదగింది. గరిష్ఠం మాత్రం వీటిలో వెతకొద్దు. కార్డులు మైక్రోసెకన్ల పాటు సగటుకు రెట్టింపు దాటి లాగుతాయి. ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఎస్‌ఎంపీఎస్ తన రేటింగ్‌కు 200 శాతాన్ని 100 మైక్రోసెకన్లు తట్టుకోవాలని పెట్టింది ఇందుకే. గేమ్ మధ్యలో సిస్టమ్ గభాలున ఆగిపోయి, కొలిచిన సగటు మాత్రం రేటింగ్‌లో సగమే ఉంటే ఇలాంటి ఎగుళ్లనే అనుమానించాలి.

వాటిని పట్టుకోవడానికి ఆసిలోస్కోప్ కావాలి. మేజా మీది స్కోప్ గ్రౌండ్ క్లిప్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. దాన్ని షంట్‌కు తగిలిస్తే 12 వోల్టులు నేరుగా ఎర్త్‌కు షార్ట్ అవుతాయి. బ్యాటరీ మీద నడిచే చేతి స్కోప్ వాడి, ప్రోబ్ ఎస్‌ఎంపీఎస్ వైపు స్క్రూకి, క్లిప్ కార్డు వైపు స్క్రూకి పెట్టండి. గడికి 20 మిల్లీవోల్టులు సరిపోతుంది, 40 ఆంపియర్ల ఎగురు మూడు గడుల ఎత్తున కనిపిస్తుంది. కొలిచేంతసేపూ ఆ స్కోప్‌కు చార్జరు గానీ, కంప్యూటర్‌కు పోయే యూఎస్‌బీ తీగ గానీ తగిలి ఉండకూడదు.